మా చెల్లెలు విప్పొద్దన్న చీటీ

హైదరాబాద్ వెళ్లొచ్చానంటే మా చీరాలలో అందరిదీ ఒకటే ప్రశ్న. చార్మినార్ చూశావా? చూడలేదు. గోల్కొండ? లేదు. మరి అయిదు రోజులు ఏం చూశావమ్మా? అమీర్‌పేట చూశాను, పంజాగుట్ట చూశాను. ఆ రెండింటికీ మధ్య మెట్రోలో ఒక్క స్టేషను దూరం. ఆ కాస్త దూరంలో నా బుర్ర ఎలా తిరిగిందో రాద్దామని కూర్చున్నాను. చదివాక మీకేమైనా అర్థమైతే నాకు చెప్పండి. నాకైతే కాలేదు.

ముందు నా సంగతి. నా పేరు అరుణ. ప్రైవేటు హైస్కూల్లో సైన్సు చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. మా నాన్న నాస్తికుడు, నేను ఆయన కూతుర్ని. బళ్లు తిరిగి, పిల్లల ముందు వెలిగే కర్పూరం నాలుక మీద పెట్టుకుని, "ఇందులో మహిమేం లేదర్రా, నాలుక తడిగా ఉంటే కాలదు" అని చూపించే మనిషిని. పెళ్లి చేసుకోలేదు. అమ్మా నాన్నా పోయారు. నాకున్నది చెల్లెలు వసుధ ఒక్కతే. నాకన్నా ఆరేళ్లు చిన్న. పాతికేళ్ల కింద అమీర్‌పేటలో లిఫ్టులు బాగుచేసే రాజుని చేసుకుంది. రాజు వాళ్లు క్రైస్తవులు. పెళ్లికి ముందు ఇది బాప్తిస్మం తీసుకుంటే ఏడాది పాటు దాంతో మాట్లాడలేదు. అంత మొండిదాన్ని.

చిన్నప్పుడు వచ్చిన కీళ్ల జ్వరం వసుధ గుండెలో ఒక కవాటాన్ని పాడుచేసిందట. ఇన్నాళ్లకు అది మొరాయించింది. పంజాగుట్టలో ఒక ఆస్పత్రిలో బుధవారం ఆపరేషన్. ప్రమాదం లేదని చెప్పలేమన్నారు డాక్టర్లు. అందుకే బయల్దేరాను.

సోమవారం: మంచాల వీధి

అమీర్‌పేటలో మైత్రీవనం వెనక సందుల్లో అన్నీ హాస్టళ్లే. కంప్యూటర్ కోర్సులు నేర్చుకునే పిల్లలు ఉంటారు కదా, వాళ్ల కోసం. గోడల నిండా కోర్సుల పేర్లు. వాటిల్లో నాకు ఒక్కటీ తెలియదు. వసుధ వాళ్ల ఇల్లు ఇప్పుడు ఊరి చివరెక్కడో, ఆస్పత్రిలో రోగి దగ్గర ఒక్కరినే ఉండనిస్తారు కాబట్టి రాజు అక్కడ, నేను ఇక్కడ. రోజుకి అయిదువందలకు ఒక ఆడపిల్లల హాస్టల్లో మంచం దొరికింది. మా ఊళ్లో ఆ డబ్బుతో సముద్రం కనపడే గది ఇస్తారు. ఇక్కడ కిటికీ తీస్తే పక్కింటి కిటికీ.

హాస్టల్ చూసుకునే ఆవిడ పేరు సత్తెమ్మ. నా వయసే ఉంటుంది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. చెల్లెలి ఆపరేషన్‌కి వచ్చానని చెప్పగానే, "అయ్యో బిడ్డా, ఫికర్ చెయ్యకు, ఎల్లమ్మ తల్లి ఉన్నది" అంది. "నాకు నమ్మకం లేదండీ" అన్నాను. ఆవిడ బకెట్ అందిస్తూ, "ఆమెకున్నది తియ్" అంది. నేను బకెట్ తీసుకున్నాను.

సాయంత్రం ఆస్పత్రికి వెళ్తే వసుధ మంచం మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. రాజు టీకి వెళ్లగానే దిండు కింద నుంచి మడిచిన కాగితం తీసింది.

"అక్కా, ఇది మా మందిరంలో ఎస్తేరమ్మ గారికి ఇచ్చిరా. ప్రార్థన మనవి. విప్పి చూడకు."

"ఏం రాశావే?"

"చూడొద్దన్నానా. ఒట్టు వెయ్యి."

"నాకు ఒట్ల మీద నమ్మకం లేదని తెలుసు కదా."

"పోనీ, మాటివ్వు."

మాటిచ్చాను. ఇంతకీ అందులో ఏముంటుందో నాకు తెలియదా? వసుధ గుండె బాగుచేయమని ఉంటుంది. కవాటం మార్చేది సర్జను. మనవి ఇంకెవరికో. పైకి అనలేదు గానీ ఆ కాగితం పర్సులో పెట్టుకుంటుంటే ఒళ్లు మండింది.

ఫ్లెక్సీ షాపు పైన

వాళ్ల మందిరం, అదే చర్చి, అమీర్‌పేటలోనే, ఫ్లెక్సీలు ప్రింట్ చేసే షాపు పైన మొదటి అంతస్తులో. కింద మెషీన్ చప్పుడు, రంగు వాసన. పైన ప్లాస్టిక్ కుర్చీలు, ఒక కీబోర్డు, గోడ మీద బైబిల్ వాక్యం. ఎస్తేరమ్మ గారు డెబ్బై దాటిన మనిషి, తెల్ల చీర. గుంటూరు వైపు నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడ నర్సుగా చేశారట.

"వందనాలమ్మా" అన్నారు. నేను నమస్కారం అన్నాను. చీటీ ఇచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని చదివారు. మళ్లీ చదివారు. నా వైపు చూశారు. నా రెండు చేతులూ పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నేనేమో చేతులు ఎలా లాక్కోవాలా అని చూస్తున్నాను.

"ఒక్క ఫోటో తీసుకోనామ్మా? మా గ్రూపులో పెడితే ముఖం చూసి ప్రార్థన చేసుకుంటారు" అన్నారు. చెల్లెలి ఫోటో అడగాలి గానీ నాదెందుకు? హైదరాబాద్‌లో కనపడినదాన్నల్లా ఫోటో తీస్తారు కాబోలు అనుకుని నిలబడ్డాను. తల కూడా దువ్వుకోలేదు.

బుధవారం గొలుసు ప్రార్థన పెడతామని చెప్పారు. అంటే పొద్దున్న ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు గంటకొకరు ప్రార్థనలో ఉంటారు. గంట అవగానే తర్వాతి వాళ్లకి ఫోన్ చేసి, "నాది అయింది, అందుకోండి" అంటారు. మధ్యలో ఒక్క గంట కూడా ఖాళీ ఉండకూడదు. బాగానే ఉంది, షిఫ్టు డ్యూటీ అనుకున్నాను.

మంగళవారం: ఇడ్లీ బండి

పొద్దున్నే సందు చివర బండి దగ్గర ఇడ్లీ తిన్నాను. నలభై రూపాయలకు నాలుగు. పల్లీ చట్నీ పల్చగా ఉంది గానీ కారప్పొడి మటుకు అదిరింది. బండి ఆయన బోరబండ నుంచి వస్తాడట, పేరు ప్రకాశం. నన్ను ఎగాదిగా చూసి, అడక్కుండా ఇంకో ఇడ్లీ వేశాడు.

"తిను అక్కా. రాత్రి నిద్ర పట్టిందా?"

నాకు కోపమొచ్చింది. ముక్కూ మొహం తెలియని మనిషి, నా నిద్ర సంగతి ఎందుకు?

"పట్టింది. ఏం?"

"ఏం లే అక్కా. ధైర్యంగ ఉండు. మస్తు మందిమి ఉన్నం."

ఎవరున్నారు? దేనికి? అడుగుదామంటే వెనక లైను. వచ్చేశాను.

అక్కడితో అయిందా? పంజాగుట్టలో ఆస్పత్రి ఎదురుగా చీరలకు ఫాల్స్ కుట్టే చిన్న కొట్టు ఉంది. నా పైట కొంగు మెట్రో మెట్ల దగ్గర పట్టుకుని చిరిగితే కుట్టించుకోడానికి ఆగాను. కుట్టే అమ్మాయి పేరు రూతు అని తర్వాత తెలిసింది. కుట్టి, డబ్బులు తీసుకోలేదు. "భయపడకండి ఆంటీ, మేమున్నాం" అంది.

"నాకేం భయం? నేనెందుకు భయపడతాను?" అని గట్టిగానే అరిచాను. మిషను మీద ఉన్న ఇంకో అమ్మాయి తలెత్తి చూసింది. రూతు నవ్వి ఊరుకుంది.

మా చీరాలలో అయితే ఎవరింట్లో ఏం కూర వండారో అందరికీ తెలుసు. కానీ అక్కడ తెలిసినవాళ్లే అడుగుతారు. ఇంత పెద్ద ఊళ్లో తెలియనివాళ్లు అడుగుతున్నారేంటి? నా మొహంలో ఏమైనా రాసుందా అని లిఫ్ట్ అద్దంలో చూసుకున్నాను. ఏం లేదు, నిద్ర చాలని కళ్లు.

బల్కంపేట

సాయంత్రం సత్తెమ్మ పట్టుబట్టింది. "మంగళవారం, గుడికి పోతున్న, నడువ్."

"నేను రానండీ. చెప్పాను కదా."

"నమ్మకుంటే నమ్మకు, ఎవలు అడిగిన్రు? జర గీ కొబ్బరికాయ పట్టుకో. నా చేతులు ఖాళీగ లేవు."

నిజంగానే లేవు. ఒక చేతిలో పూలు, ఇంకో చేతిలో పసుపు, కుంకుమ, గాజులున్న పళ్లెం. కొబ్బరికాయ పట్టుకుని వెనక నడిచాను. నా విద్యార్థులెవరైనా చూస్తే ఏమనుకుంటారో అని ఒకటే బెంగ.

బల్కంపేట ఎల్లమ్మ నేల మట్టానికి కిందుగా ఉంటుంది. తల వంచి తొంగిచూడాలి. జనం తోసుకుంటున్నారు. నా ముందున్న ఒకావిడ కళ్లు మూసుకుని ఏదో గొణుగుతోంది, చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. ఆవిడని చూస్తుంటే సిగ్గేసింది, ఎవరిదో ఉత్తరం దొంగతనంగా చదువుతున్నట్టు. పక్కకి తిరిగాను. అక్కడ కర్పూరం వెలుగుతోంది. ఎన్ని బళ్లలో నాలుక మీద పెట్టుకున్నానో ఆ కర్పూరాన్ని! దాని గురించి నాకు తెలిసిందంతా ఆ వేళ ఆ ఏడ్చే ఆవిడకి చెప్పడానికి ఒక్క ముక్క కూడా పనికి రాలేదు.

బయటికొచ్చాక సత్తెమ్మ నా చేతిలో పసుపు దారం పెట్టింది. "నీ చెల్లె చేతికి కట్టు."

"మా చెల్లెలు క్రైస్తవురాలు, నేను నాస్తికురాలిని. ఎవరు కట్టాలి, ఎవరు కట్టించుకోవాలి?" అన్నాను.

"గవన్ని నాకెర్క లేదు. దారం గట్టిది" అంది.

ఆ దారం పారేయలేకపోయాను. ఎందుకో చెప్తాను. వసుధకి ఎనిమిదేళ్లప్పుడు ఆ కీళ్ల జ్వరం వచ్చింది. మా అమ్మమ్మ దాని మెడలో ఎర్రదారం కట్టింది. నాన్న చూసి తీసెయ్యమన్నాడు. కత్తెర తెచ్చి కత్తిరించింది నేను. నాకు పధ్నాలుగేళ్లు, నాన్న మెచ్చుకుంటాడని ఎంత గర్వమో. వసుధ రెండు రోజులు ఏడ్చింది. మందులు వాడాం, జ్వరం తగ్గింది. దారం ఉన్నా లేకపోయినా కవాటం పాడయ్యేదే, ఆ మాత్రం సైన్సు నాకు తెలుసు. తెలిసినా సరే, ఆ కత్తెర చప్పుడు నా చెవుల్లోంచి పోదు. దారాన్ని పర్సు జిప్పు అరలో పెట్టాను.

బుధవారం: ఇడ్లీ బండి, మళ్లీ

పొద్దున్న ఏడింటికి ప్రకాశం నన్ను చూడగానే ఫోన్ తీసి చూపించాడు. "ఆరింటికి షురూ అయింది అక్కా, నీ పేరు మీద."

ఫోన్‌లో నా ఫోటో. దువ్వని తల, బిత్తర చూపులు. కింద: "సహోదరి అరుణ గారి కోసం గొలుసు ప్రార్థన."

ఓరి నాయనో! అప్పుడు వెలిగింది. చీటీ తెచ్చింది నేను కాబట్టి నన్నే రోగిని అనుకున్నారు. రెండు రోజుల నుంచి వీళ్లంతా నా నిద్ర, నా ధైర్యం అడుగుతున్నది ఇందుకా! పాపం వసుధ, తన పేరు మీద ప్రార్థన జరుగుతోందన్న ధైర్యంతో లోపలికి వెళ్తుంది. జరుగుతున్నదేమో నాకు. తొమ్మిదింటికి ఆపరేషన్!

ప్లేటు బండి మీద పెట్టి పరిగెత్తాను. మోకాళ్ల నొప్పులున్నదాన్ని, మైత్రీవనం ముందు నుంచి, ఆటోలకి అడ్డం పడి, ఎవరో తిడుతుంటే పరిగెత్తాను. సగం దూరంలో నాకే అనుమానమొచ్చింది. ఒసే అరుణా, ప్రార్థన పనిచేయదు కదా. పనిచేయనిదాంట్లో ఎవరి పేరుంటే ఏంటి? ఎందుకు పరిగెడుతున్నావు? కాళ్లు మాత్రం ఆగలేదు.

ఎస్తేరమ్మ గారు మెట్ల మీదే కనపడ్డారు. రొప్పుతూ అరిచాను. "పేరు తప్పు పడిందండీ! వసుధ! వసుధ అని మార్చండి! తొమ్మిదింటికి తీసుకెళ్లిపోతారు!"

"కూర్చోండమ్మా" అన్నారు. బైబిల్లోంచి ఆ చీటీ తీసి నా చేతికిచ్చారు. "తప్పు పడలేదు."

మాటిచ్చాను విప్పనని. కానీ అది విప్పే ఉంది. వసుధ చేతిరాత, పక్కకి వాలిన అక్షరాలు.

"మా అక్క అరుణ కోసం ప్రార్థన చేయండి. నేను లోపల మత్తులో ఉంటాను, నాకేం తెలియదు. మా ఆయనకి ప్రార్థన చేసుకోవడం వచ్చు. అక్కకి రాదు. దానికి చిన్నప్పటి నుంచీ భయం ఎక్కువ. భయమేస్తే అరుస్తుంది. ఎవరితో చెప్పుకోవాలో తెలియదు. బయట ఒక్కత్తే కూర్చుంటుంది. దయచేసి తోడుండండి."

"నాకు భయమా? నాకు భయమని ఎవరన్నారు?" అని అరిచాను.

ఎస్తేరమ్మ గారు నా కాళ్ల వైపు చూశారు. ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి హాస్టల్ బాత్‌రూం స్లిప్పరు. పొద్దున్నుంచి అలాగే తిరుగుతున్నాను. మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను. కింద ఫ్లెక్సీ మెషీన్ తిరుగుతూనే ఉంది.

పంజాగుట్ట: కుర్చీలు

నేను వెళ్లేసరికి వసుధని స్ట్రెచర్ ఎక్కించారు. "ఏంటే ఆ చీటీ?" అన్నాను. "చదివేశావా? మాట తప్పావు" అని నవ్వింది. తలుపు మూశారు. ఆ తలుపు పైన ఒక చిన్న దేవుడి పటం. సర్జను లోపలికి వెళ్తూ దాన్ని వేలితో తాకి కళ్లకద్దుకున్నాడు. మేమంతా ఆయన చదువుని నమ్మి వచ్చాం. ఆయనేమో ఇంకెవరినో నమ్ముతున్నాడు. ఇదంతా ఏంటో!

రాజు మందుల కౌంటరుకీ పైకీ తిరుగుతున్నాడు. నా పక్క కుర్చీలో ఎస్తేరమ్మ గారు కూర్చున్నారు. ఈసారి గొలుసు ఇళ్లలో కాదు, ఇక్కడే అట. చీటీలో తోడుండమని కదా రాసింది. ఆవిడ కళ్లు మూసుకుని ఒక గంట పెదవులు కదిపారు. నన్ను ప్రార్థన చేయమనలేదు. పదింటికి రూతు వచ్చింది. "అందుకో అమ్మా" అని ఆవిడ లేచారు. రూతుకి నేను వసుధ కబుర్లు చెప్పాను, అది చెరువులో చెప్పులు పారేసుకున్నది, లెక్కల్లో సున్నా తెచ్చుకుని నన్ను సంతకం పెట్టమన్నది. ఆ పిల్ల ప్రార్థన చేసిందో, నా సోదే విన్నదో. పదకొండింటికి ప్రకాశం, బండి మూసి వచ్చాడు. పొద్దున్న వదిలేసిన ఇడ్లీలకు బదులు వేడివి పొట్లం కట్టి తెచ్చాడు. తిన్నాను. పన్నెండింటికి ఒక సెక్యూరిటీ గార్డు, రాత్రి డ్యూటీ చేసి వచ్చాడట. కూర్చున్న అయిదు నిమిషాలకే నోరు తెరిచి నిద్రపోయాడు. చెప్తే నవ్వుతారు గానీ, ఆ గురక నాకు అన్నిటికన్నా ధైర్యమిచ్చింది.

ఒంటిగంటకు ఎవరూ రాలేదు. గార్డు తన గంట అయిందని లేచి వెళ్లాడు. కుర్చీ ఖాళీ. ఖాళీ కుర్చీ అంత భయపెడుతుందని నాకు తెలియదు. లోపల నాలుగు గంటలు దాటింది, ఎవరూ ఏం చెప్పడంలేదు. మా హేతువాద మిత్రులు పెట్టిన మెసేజ్ ఫోన్‌లో మళ్లీ చదువుకున్నాను. "ధైర్యంగా ఉండండి మేడం, వైద్యం చాలా ముందుకు వెళ్లింది." నిజమే. ఆ మాటలో తప్పేం లేదు. కానీ ఆ మాట వచ్చి కుర్చీలో కూర్చోదు. దేవుడు లేడు, అందులో నాకు ఇప్పటికీ అనుమానం లేదు. మరి లేనివాడి పేరు చెప్పుకుని ఇంతమంది పని మానుకుని వచ్చారే. ఉన్నదాని పేరు, సైన్సు పేరు చెప్పుకుని మేము ఎక్కడికి వెళ్లాం? ఎవరి పక్కన కూర్చున్నాం? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పుడు లిఫ్టులోంచి సత్తెమ్మ దిగింది. చేతిలో టిఫిన్ డబ్బా. "హాస్టల్ల మనసున పడ్తలేదు బిడ్డా, అందుకే వచ్చిన" అని ఆ కుర్చీలో కూర్చుంది. ఇంతలో ఎస్తేరమ్మ గారి ఫోన్.

"ఒంటిగంట వాళ్లకి జ్వరమటమ్మా, ఇప్పుడే తెలిసింది. మీ దగ్గర ఎవరైనా ఉన్నారా?"

"సత్తెమ్మ గారున్నారండీ."

"ఏ సంఘమమ్మా, ఏ చర్చి?"

"బల్కంపేట" అన్నాను. ఇంకేం చెప్పను?

"సరేలేమ్మా, గంట ఖాళీగా లేదు కదా. అది చాలు" అన్నారు.

రెండు కావస్తుండగా సర్జను బయటికొచ్చాడు. కవాటం బాగా కుదిరిందన్నాడు. రాజు మోకాళ్ల మీద పడ్డాడు. సత్తెమ్మ పైకి చూసి దండం పెట్టింది. నాకు ఎటు చూడాలో తెలియక డాక్టరు చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను.

గురువారం: పది నిమిషాలు

మర్నాడు పొద్దున్న పది నిమిషాలు చూడనిచ్చారు. ఒంటినిండా గొట్టాలు. నన్ను చూసి కళ్లు తెరిచింది. పర్సులోంచి పసుపు దారం తీసి చూపించాను. సత్తెమ్మ సంగతి చెప్పాను.

"కట్టనా?"

"వద్దులే. నేను ప్రభువుని నమ్ముకున్నాను."

"పోనీ, పారేయనా?"

"వద్దు" అంది. "కత్తెరకి దూరంగా పెట్టు."

గుర్తుంది దానికి! నలభై నాలుగేళ్ల తర్వాత కూడా. నవ్వబోయి, కుట్లు లాగి మొహం ముడుచుకుంది. నేను దాని చేయి పట్టుకున్నాను.

"భయమేసిందా అక్కా?"

లేదనే అనబోయాను, అలవాటుగా.

"వేసిందే" అన్నాను. "చాలా వేసింది."

వసుధ కళ్లు మూసుకుంది. నిద్రపోయిందనుకున్నాను. చెంప మీదికి నీళ్లు జారాయి.

"నాకూ వేసింది అక్కా" అంది. "నీకే చెప్తున్నా, ఎవరికీ చెప్పకు."